సెసమీ స్ట్రీట్‌కు విజిట్ వీసా అమ్మమ్మ ఉత్తరం

చిరంజీవి సెసమీ స్ట్రీట్‌ను ఆశీర్వదించి అమ్మమ్మ వ్రాయునది. ఉభయకుశలోపరి.

అమెరికా టీవీలో చిన్నపిల్లల కార్యక్రమంగా నువ్వు 1969 నవంబరులో పుట్టావు. అప్పటికే నేను ఓణీలు వేస్తున్నాను. అంచేత నాలుగు మాటలంటే పడాలి.

మా పెద్దమ్మాయి రెండో పురుడుకి న్యూజెర్సీ వచ్చినప్పుడు, పెద్ద మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని నిన్ను చూసేదాన్ని. వాడికి అన్నం ముద్దలు, నాకు ఇంగ్లీషు ముక్కలు. అప్పటికే ఎపిసోడు చివరంతా ఎల్మో అనే ఎర్రబొచ్చు బొమ్మకి రాసిచ్చేశావు. మాటకి ముందు ‘ఎల్మో’ అని తన పేరు తనే చెప్పుకుంటాడు. మా వైపు అలా మాట్లాడేది ఎమ్మెల్యేలు. 2005లో కుకీలు అప్పుడప్పుడే తినాలని కుకీలు మింగే బొమ్మ కుకీ మాన్‌స్టర్‌కి గుడ్లగూబ బొమ్మ చేత పాడి చెప్పించావు. మా ఇంటాయనకి షుగరొస్తే డాక్టరూ నేనూ ఇద్దరమ్మాయిలూ చెప్పినా వినలేదు. గుడ్లగూబ సంగతి ముందే తెలిస్తే బాగుండేది.

నీ పాత ఎపిసోడ్లు డీవీడీలుగా వస్తే తెప్పించాను. మొట్టమొదటి దాంట్లో నీ వీధిలో ఉండే గోర్డన్, కొత్తగా వచ్చిన శాలీ అనే చిన్నపిల్లని చెయ్యిపట్టుకుని తిప్పి అందరినీ పరిచయం చేస్తాడు. ఇంటికి తీసుకెళ్తే పాలూ కుకీలూ పెడతారు. దీనికి సిగరెట్ పెట్టె మీద వేసినట్టు హెచ్చరిక వేశావు: ఇవి పెద్దల కోసం, ఈనాటి చిన్నపిల్లలకి సరిపడకపోవచ్చునట! పాలు పోసినందుకా తల్లీ?

నీ వీధిలో కొట్టు నడిపే హూపర్ గారి వేషం కట్టిన విల్ లీ 1982లో పోతే, ఆయన చోట ఇంకొకరిని పెట్టలేదు, ఊరెళ్ళాడని బొంకలేదు. మరుసటేడు నీ పెద్ద పసుపు పిట్ట బిగ్ బర్డ్ తను గీసిన బొమ్మలు అందరికీ పంచి, హూపర్ గారిది ఆయన వచ్చాక ఇస్తానంటాడు. ఇక రారని పెద్దవాళ్ళు గొంతు పూడుకుపోతూ చెప్తారు. ఎందుకిలా అంటే, అంతే, అంటాడు గోర్డన్. మేమైతే చుక్కల్లోకి వెళ్ళాడని చెప్పేవాళ్ళం. అంత ధైర్యం ఉన్నదానివి!

బీద పిల్లలు ఏమీ రాకుండా బడికెళ్ళి వెనకబడుతున్నారనే కదా నిన్ను కన్నది? 2016లో ఏం చేశావు? గంట ఎపిసోడు అరగంటైంది. కొత్తవి ముందు డబ్బు కట్టే హెచ్‌బీఓ ఛానల్లో, తొమ్మిది నెలలయ్యాక పీబీఎస్ ఛానల్లో ఉచితంగా. డీవీడీలు కొనేవాళ్ళు తగ్గారు, చేతిలో డబ్బాడలేదు, ఒప్పుకుంటాను. కానీ తొమ్మిది నెలలా! ఆ ఏడు చిన్నమ్మాయి పురుడుకి వస్తే మీ ఎయిర్‌పోర్టులో నాకు ముద్ర కొట్టిచ్చింది ఆర్నెల్లే. నీ ఎపిసోడు పుట్టేలోపు బాలింతని వదిలి విమానం ఎక్కాను.

2025లో నెట్‌ఫ్లిక్స్‌కి మారి, కొత్తవి అదే రోజు పీబీఎస్‌లోనూ వేస్తున్నావని విన్నాను. సరే, ఈసారికి వదిలేశాను.

నీ చిరాకు బొమ్మ ఆస్కార్‌ని అడిగానని చెప్పు. మొదటేడు నారింజ రంగులో ఉండి ఆకుపచ్చకి మారాడే గానీ, చెత్తడబ్బా మాత్రం వదల్లేదు. అద్దె కట్టక్కర్లేదు కాబోలు.

ఇట్లు,
అమ్మమ్మ