లీకు చేసింది వైరసా, మన ఒళ్ళా? కావలిలో అక్కా తమ్ముళ్ళ వాదోపవాదం

అక్క స్టాఫ్ నర్సు. తమ్ముడు కాకుటూరులో, విక్రమ సింహపురి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ బయోటెక్. కార్తీకంలో వానలు పట్టుకున్నాయంటే కావలిలో వీధికో డెంగ్యూ కేసు, ఇంటికో ప్లేట్‌లెట్ల లెక్క. ఎదురింట్లో డిగ్రీ చదివే కుర్రాడికి ఐదో రోజు జొరం దిగింది, అక్కడ మొదలైంది వీళ్ళ గొడవ: డెంగ్యూ ముదిరినప్పుడు రక్తనాళాల్లోంచి నీళ్ళు లీకయ్యేది వైరస్ వల్లా, మన ఒంటి రోగనిరోధక శక్తి వల్లా అని. నేను వాళ్ళ డాబా మీద టీ తాగతా విన్నదంతా రాస్తుండా.

తమ్ముడు: అక్కా, వాడికి ప్లేట్‌లెట్లు 38 వేలంట, వాళ్ళ నాయన డోనర్ల కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తా ఉండాడు.

అక్క: రక్తం యాడన్నా కారతా ఉండాదా? లేదు గదా. సింగపూర్, మలేసియాలో ట్రయల్ చేసి 2017లో తేల్చారు, పెద్దోళ్ళకి 20 వేలకి పడినా సరే రక్తస్రావం లేకుండా ముందుగానే ఎక్కిస్తే ఒరిగేదేం లేదని. అందరూ ప్లేట్‌లెట్లు అడుగుతారు, పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, ఎంతని ఒక్కడూ అడగడు. ఉన్న దానికన్నా 20 శాతం పెరిగిందంటే, అంటే 40 ఉండేది 48 అయిందంటే, నాళాల్లోంచి నీళ్ళు బయటికి పోతుండాయి, రక్తం చిక్కబడతా ఉండాదని.

తమ్ముడు: నేను చెప్పేదీ అదే. నీళ్ళు పోనిచ్చేది నాళం లోపొర కణాలు, వాటిని చెడగొట్టేది ఎన్‌ఎస్1. నువ్వు టెస్ట్ స్ట్రిప్ మీద చూసే అదే డెంగ్యూ వైరస్ ప్రోటీన్. వైరస్ సోకిన కణాలు దాన్ని రక్తంలోకి వదల్తాయి, అది పోయి లోపొరకి అంటుకుంటది. లోపొర మీద గ్లైకోకాలిక్స్ అని చక్కెరలతో అల్లిన పూత ఉంటది గదా, ఎన్‌ఎస్1 తగలగానే ఆ కణాల్లోనే కాథెప్సిన్ ఎల్, హెపరనేజ్ లాంటి ఎంజైములు లేచి సొంత పూతనే కోసి పారేస్తాయి. 2015లో ఎలకలకి వైరస్ అనేదే లేకుండా ఒట్టి ఎన్‌ఎస్1 ఎక్కిస్తేనే నాళాలు లీకయినాయి, ఇంకేం సాక్ష్యం కావాల?

అక్క: ఎలకలు సరేరా, మనుషుల్ని చూడు. ఎన్‌ఎస్1 దండిగా ఉండేది మొదటి రోజుల్లో, ఒళ్ళు 103 మీద కాలతా ఉన్నప్పుడు. అప్పుడు లీకు ఉండదే! జొరం దిగినాక మొదలవుతుంది. వాళ్ళమ్మ తగ్గిపోయిందని సంబరపడతా ఇడ్లీ తెచ్చి తినిపిస్తా ఉంటది, నేను పోయి చెయ్యి పట్టుకుంటే చల్లగా తగలతది, గోరు నొక్కి వదిలితే తెల్లగానే ఉండిపోతది, బీపీ చూస్తే 100కి 84. పైదీ కిందదీ దగ్గరకొచ్చేశాయి, మనిషి మాత్రం మంచంలో కూర్చోని మాట్లాడతానే ఉంటాడు. అప్పటికి వైరస్ తగ్గిపోయి ఉంటది, మన రోగనిరోధక సైన్యం మాత్రం మాంచి ఊపు మీదుంటది. టీఎన్ఎఫ్ ఆల్ఫా, వీఈజీఎఫ్, నాళాల్ని వదులు చేసే ఈ రసాయనాలన్నీ వదిలేది మన కణాలే గదా.

తమ్ముడు: పూత ఊడిపోయినాక మళ్ళా మొలవాలంటే టైం పట్టదా? పైగా రెండోసారి డెంగ్యూ వచ్చినోళ్ళకి ఎన్‌ఎస్1ని యాంటీబాడీలు కప్పేస్తాయి, టెస్టుకి దొరకదు. దొరకలేదు గాబట్టి లేదంటే ఎట్ట?

అక్క: నువ్వే అన్నావు చూడు, రెండోసారి అని. క్యూబాలో 1977లో డెంగ్యూ వైరస్ టైప్ 1 వచ్చింది, పెద్దగా ఎవురికీ ఏం కాలా. 1981లో టైప్ 2 వచ్చేసరికి జనం షాకులోకి పోయారు. ఏడాది లోపు చంటోళ్ళకి మొదటిసారికే ముదురుద్ది, ఎందుకు? తల్లి నుంచొచ్చిన యాంటీబాడీలు ఒంట్లో ఉండి.

తమ్ముడు: ఆ యాంటీబాడీలు చేసేదేంది, వైరస్‌ని మోనోసైట్లనే తెల్ల రక్తకణాల లోపలికి ఇంకా సులువుగా తోలతాయి. వైరస్ ఎక్కువైతే ఎన్‌ఎస్1 ఎక్కువ. తిరిగి తిరిగి నా దగ్గరకే వచ్చావు.

(నా మటుకు ఇక్కడ తమ్ముడిదే పైచేయి అనిపించింది, ఆమె ముందు అనలేదు లెండి.)

అక్క: సరే, ఇది చెప్పు. ల్యాబులో గిన్నెలో పెంచిన లోపొర కణాలకి వైరస్ బాగానే సోకుతుంది, చనిపోయినోళ్ళ కణజాలం చూస్తే మాత్రం వైరస్ ఎక్కువ దొరికేది మోనోసైట్లు, మాక్రోఫేజులనే రోగనిరోధక కణాల్లో. లోపొర కణాలు చచ్చిపోయిన దాఖలా పెద్దగా ఉండదు. చెరువు కట్ట తెగలా, ఊట పడతా ఉండాదంతే. కణాల మధ్య అతుకులు వదులయి ప్లాస్మా జారిపోతది, 24 నుంచి 48 గంటల్లో మళ్ళా బిగుసుకుంటాయి. అందుకే ఆ రెండ్రోజులూ సెలైన్ కొలిచి ఎక్కిస్తాం, ఆ తర్వాత పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీళ్ళు నాళాల్లోకి తిరిగొస్తుంటే ఇంకా బాటిళ్ళు పెడతానే ఉంటే ఊపిరాడక పోతాడు మనిషి. లీకుని దాటొచ్చి సెలైన్‌కి పోయినోళ్ళు కూడా ఉంటారురా.

తమ్ముడు: అదంతా వైద్యం, నేను కాదన్నానా? కారణం దగ్గరికి రా. డెంగ్‌వాక్సియా టీకా సంగతి తెలుసు గదా, అంతకుముందు డెంగ్యూ రాని పిల్లలకి వేస్తే, తర్వాత నిజం డెంగ్యూ సోకినప్పుడు హాస్పిటల్లో పడేది ఎక్కువైంది, 2017లో బయటపడింది. ఆ టీకా లోపలి భాగం ఎల్లో ఫీవర్ వైరస్‌ది, డెంగ్యూది బయటి తొడుగు మాత్రమే. అంటే డెంగ్యూ ఎన్‌ఎస్1 మీద యాంటీబాడీలు పుట్టే దారే లేదు. అవి ఉండుంటే?

అక్క: ఉండుంటే ఏమయ్యేదో నువ్వు ఊహించి చెప్తుండావు, జరిగింది నేను చెప్తుండా. తొడుగు మీద పుట్టిన అరకొర యాంటీబాడీలే గదా ఆ పిల్లల్ని మంచాన పడేసింది, అవి చేసింది వైరసా మన ఒళ్ళా?

తమ్ముడు: ఒళ్ళే. కానీ నాళం గోడ దాకా పోయి అతుకు వదులు చేసింది ఎవురు?

అక్క: మాస్ట్ కణాలు, మన రోగనిరోధక సైన్యంలోవే. రక్తనాళాల పక్కనే కాచుకోనుంటాయి, కైమేజ్ అనే ఎంజైము వదల్తాయి, డెంగ్యూ ముదిరినోళ్ళ రక్తంలో అది ఎక్కువుంటది. దీనికేం చెప్తావో చెప్పు.