టెక్సాస్ హెంప్ ముసాయిదా: లెక్క ఇంకా శాతంలోనే

మత్తు తక్కువుండే గంజాయి జాతి మొక్క హెంప్. దాని సరుకులో మత్తునిచ్చే టీహెచ్‌సీ బరువులో 0.3 శాతం మించకూడదన్నది టెక్సాస్ కొలత. రాష్ట్ర ఆరోగ్య శాఖ 2025 డిసెంబర్ ముసాయిదా నిబంధనలూ ఆ శాతాన్ని వదల్లేదు. నాలుగు గ్రాముల గమ్మీ (నమిలే మిఠాయి)లో 0.3 శాతం ఎంతో లెక్కేస్తే 12 మిల్లీగ్రాములు వస్తుంది. గంజాయిని బహిరంగంగా అమ్మనిచ్చే కొలరాడోలో ఒక మోతాదుకు ఉన్న గరిష్ఠ పరిమితి 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, మసాచుసెట్స్‌లో 5. అంటే గంజాయి బహిరంగ అమ్మకానికి అనుమతి లేని టెక్సాస్‌లో గ్యాస్ స్టేషన్ కౌంటర్ మీద దొరికే హెంప్ గమ్మీ, కొలరాడో గంజాయి దుకాణంలోని గమ్మీ కంటే ఘాటుగా ఉన్నా శాతం లెక్క ప్రకారం సక్రమమే. 50 గ్రాముల చాక్లెట్ అయితే 150 మిల్లీగ్రాముల దాకా వెళ్లొచ్చు. 355 మిల్లీలీటర్ల డబ్బా పానీయంలో వెయ్యి మిల్లీగ్రాములు దాటినా 0.3 శాతం లోపే. అంత ఎవరూ పోయరు, తాగినవాడు ఆస్పత్రిలో తేలతాడు కాబట్టి. అక్కడ అడ్డుపడుతున్నది వ్యాపారి జాగ్రత్తే తప్ప చట్టం కాదు.

ఈ 0.3 శాతం 2018 నాటి ఫెడరల్ వ్యవసాయ చట్టంలోది. ఎండిన మొక్క బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ (టీహెచ్‌సీలో ప్రధాన రకం) అంతకు మించకపోతే అది హెంప్, మించితే గంజాయి. పొలంలో పంటను వేరు చేయడానికి అది పనికొచ్చే కొలతే. 2019లో టెక్సాస్ శాసనసభ హెచ్‌బీ 1325 అనే బిల్లుతో అదే కొలతను తినే, తాగే సరుకులకూ తగిలించింది. ఆకు బరువు గ్రాముల్లో ఉంటుంది, డబ్బాలో నీళ్ల బరువు వందల గ్రాముల్లో ఉంటుంది. ఆ తేడాను ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాతి కథ ఇది. పూర్తి నిషేధం కోసం లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్ పట్టుబట్టి గట్టెక్కించిన ఎస్‌బీ 3 బిల్లును గవర్నర్ గ్రెగ్ అబాట్ 2025 జూన్ 22న వీటో చేశారు. ప్రత్యేక సమావేశాల్లోనూ ఏదీ తేలలేదు. సెప్టెంబర్ 10న గవర్నర్ ఉత్తర్వు జీఏ-56 వచ్చింది. 21 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదని, ఐడీ చూడాలని అందులో ఉంది. అప్పటిదాకా ఈ సరుకుకు రాష్ట్రమంతటా వర్తించే వయోపరిమితే లేదంటే నమ్మశక్యం కాదు. ఆ ఉత్తర్వు ఆధారంగా రాష్ట్ర ఆరోగ్య శాఖ డిసెంబర్‌లో ముసాయిదా నిబంధనలు బయటపెట్టింది. వాటిలో ఒకటి మంచి పని, ఒకటి పొరపాటు.

మంచి పని: డెల్టా-9 ఒక్కటే కాకుండా మొత్తం టీహెచ్‌సీని లెక్కలోకి తీసుకోవడం. పచ్చి పువ్వులో మత్తు పదార్థం ఎక్కువగా టీహెచ్‌సీఏ అనే ఆమ్ల రూపంలో ఉంటుంది. అలాగే నమిలి మింగితే మత్తు పెద్దగా ఎక్కదు. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ విడిపోయి డెల్టా-9గా మారుతుంది. బరువు కొంత తగ్గుతుంది కాబట్టి టీహెచ్‌సీఏ అంకెను 0.877తో గుణించి, ఉన్న డెల్టా-9ని కలపాలి. టీహెచ్‌సీఏ 20 శాతం, డెల్టా-9 0.2 శాతం అని రిపోర్టులో ఉన్న పువ్వును చూడండి. పాత లెక్కలో అది హెంప్. కొత్త లెక్కలో 17.74 శాతం, అంటే అచ్చమైన గంజాయి. దుకాణాల్లో 'టీహెచ్‌సీఏ ఫ్లవర్' పేరుతో ఇన్నాళ్లూ అమ్ముడుపోయింది ఇదే. ఇందులో ప్రయోగశాల పద్ధతి పాత్ర కూడా ఉంది. క్రొమటోగ్రఫీ అంటే నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి. లిక్విడ్ క్రొమటోగ్రఫీలో నమూనా వేడెక్కదు కనుక రెండూ విడివిడిగా కనిపిస్తాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీలో యంత్రం లోపలే టీహెచ్‌సీఏ మారిపోతుంది. ఒకే పువ్వుకు ఒక ల్యాబ్‌లో పాస్, ఇంకో ల్యాబ్‌లో ఫెయిల్ రావడానికి ఇదొక కారణం. మొత్తం లెక్క పెడితే ఆ గొడవ చాలావరకు తీరుతుంది.

అయితే ఆరోగ్య శాఖకు ఈ అధికారం ఉందా అన్న ప్రశ్న ఉంది. 2019 చట్టం డెల్టా-9 అనే రాసింది. చట్టంలోని నిర్వచనాన్ని ఒక శాఖ నిబంధనతో మార్చలేదన్న వాదన కోర్టులో తేలికగా కొట్టేసేది కాదు.

ఇక పొరపాటు, ఫీజు. అప్పట్లో దుకాణానికి ఏటా సుమారు 150 డాలర్లున్న రిజిస్ట్రేషన్‌ను 20,000కు, తయారీదారుకు సుమారు 250 ఉన్న లైసెన్సును 25,000కు పెంచాలన్నది ఆ ముసాయిదాలోని ప్రతిపాదన. కౌంటర్ లెక్క వేద్దాం. 25 డాలర్ల గమ్మీ ప్యాకెట్ మీద పది డాలర్లు మిగులుతుందనుకుంటే, ఫీజు కట్టడానికే ఏడాదికి 2,000 ప్యాకెట్లు అమ్మాలి. రోజుకు ఐదారు. పెద్ద వేప్ (ఈ-సిగరెట్) షాపుల గొలుసుకు అదో లెక్క కాదు. పాలు, లాటరీ టికెట్ల పక్కన ఒక షెల్ఫ్ పెట్టుకున్న చిన్న స్టోరు మాత్రం ఆ షెల్ఫ్ తీసేస్తుంది. చిన్నవాళ్లు తప్పుకుంటే సరుకు మెరుగవుతుందా? కాదు. ఫీజు కట్టినవాడు కట్టిన డబ్బు రాబట్టుకోవడానికి ఘాటు సరుకే ముందు పెడతాడు. కట్టలేనివాడి గిరాకీ ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మేవాడి దగ్గరికి పోతుంది.

డబ్బు పెట్టాల్సింది పరీక్షల మీద. టీహెచ్‌సీ నూనెలో కరుగుతుంది, గమ్మీ మిశ్రమంలో ఎక్కువ భాగం చక్కెర, నీరు. సరిగ్గా కలవకపోతే ఒకే ట్రేలో ఒక గమ్మీకి 3, పక్కదానికి 18 మిల్లీగ్రాములు పడినా ఆశ్చర్యం లేదు. సగటు తీస్తే లేబుల్ నిజమే చెబుతుంది, తిన్నవాడికి మాత్రం సగటు దొరకదు. పైగా తిన్న మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. పనిచేయలేదనుకుని రెండోది వేసుకుని ఎమర్జెన్సీకి చేరేవాళ్లున్నారు. పానీయాల్లో సమస్య తిరగబడుతుంది: డబ్బా లోపలి పూతకు టీహెచ్‌సీ అంటుకుపోయి నెలలు గడిచేకొద్దీ శక్తి తగ్గుతుంది. టీహెచ్‌సీలోనే మరో రకమైన డెల్టా-8 వ్యవహారం ఇంకా వేరు. హెంప్‌లో ఉండే మత్తులేని పదార్థం సీబీడీని ద్రావకంలో ఆమ్లంతో మరిగించి తయారుచేస్తారు. శుద్ధి సరిగ్గా లేకపోతే ద్రావకం, ఆమ్లం, పేరు తెలియని ఉపఉత్పత్తులు మిగులుతాయి. ల్యాబ్ తన జాబితాలో ఉన్నవే వెతుకుతుంది.

కాబట్టి ప్యాకెట్ మీది క్యూఆర్ కోడ్ తెరిచినప్పుడు ముందు చూడాల్సింది బ్యాచ్ నంబర్. ప్యాకెట్ మీదున్నదీ రిపోర్టులో ఉన్నదీ ఒకటేనా? తర్వాత తేదీ, ల్యాబ్‌కు ఐఎస్‌ఓ 17025 (పరీక్ష ల్యాబ్‌ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందా, ద్రావకాలు, సీసం వంటి లోహాలు, పురుగుమందుల పేజీలు ఉన్నాయా లేక టీహెచ్‌సీ పేజీ ఒక్కటేనా. రిపోర్టు తయారీదారు సొంత సైట్‌లో కాకుండా ల్యాబ్ సైట్‌లో తెరుచుకుంటే నయం.

మిల్లీగ్రాముల లెక్క అసాధ్యమేమీ కాదు. మిన్నెసోటా 2022 జులై 1 నుంచి ఒక మోతాదుకు 5, ప్యాకెట్‌కు 50 మిల్లీగ్రాములని గీత గీసి, 21 ఏళ్ల నిబంధన పెట్టి నడిపింది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా 2021లో హెంప్ గింజలను ఆహారంగా ఒప్పుకుంటూ టీహెచ్‌సీ పరిమితి గింజలకు కిలోకు 5 మిల్లీగ్రాములు, గింజల నూనెకు 10, గింజల పానీయానికి 0.2 అని రాసింది. శాతాన్ని అదే కొలతలోకి మారిస్తే టెక్సాస్ పరిమితి కిలోకు 3,000. డాలస్ గమ్మీ ఇండియాలో ఆహారం కిందికి రానే రాదు, మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్ కిందికి వస్తుంది. సెలవులకు హైదరాబాద్ వచ్చేటప్పుడు బ్యాగులో మర్చిపోయిన ప్యాకెట్ కస్టమ్స్‌లో దొరికితే 'అక్కడ షాపులో కొన్నాం' అన్న మాట చెల్లదు.

టెక్సాస్‌లోనూ ఇది ఆషామాషీ కాదు. హెంప్ పరిమితి దాటిన గమ్మీ, వేప్ ఆయిల్ లాంటివి గంజాయి ఆకు కింద కాకుండా టీహెచ్‌సీ సారం కింద లెక్కకొస్తాయి. ఒక గ్రాములోపు దొరికినా ఫెలనీయే, అంటే తీవ్ర నేరమే. హెచ్-1బీ, ఎఫ్-1 మీదున్నవారికి అలాంటి కేసు అంటే వీసాకే ఎసరు. స్టోరు నడిపే మనవాళ్లు ఇన్వాయిస్‌తో పాటు ఆ బ్యాచ్ రిపోర్టునూ ప్రింటు తీసి ఫైల్ చేసుకోవడం అందుకే అవసరం.

వీటన్నిటి మీదా ఫెడరల్ గడువు ఒకటి ఉంది. ప్రభుత్వ షట్‌డౌన్ ముగించడానికి 2025 నవంబర్ 12న సంతకమైన నిధుల చట్టం, తయారైన హెంప్ సరుకు ఒక్కో డబ్బాకు లేదా ప్యాకెట్‌కు మొత్తం టీహెచ్‌సీ 0.4 మిల్లీగ్రాములు మించకూడదంది. ఏడాది తర్వాత అమల్లోకి వస్తుంది. మొక్క బయట ప్రయోగశాలలో మార్చి చేసిన డెల్టా-8 లాంటివీ పోతాయి. కాంగ్రెస్ గడువు పెంచకపోతే, నేడు షెల్ఫ్‌లో ఉన్న గమ్మీల్లో దాదాపు ఏదీ ఆ గీత లోపల ఉండదు. ఆ గడువు 2026 నవంబర్‌లో పడితే, టెక్సాస్ శాసనసభ మామూలుగా కూర్చునేది 2027 జనవరిలో. ఎనిమిది వేలకు పైగా ఉన్న దుకాణాల్లో ఏ యజమానినైనా అడగండి, నవంబర్‌లో ఆగిపోయే సరుకుకు ముసాయిదాలోని 20,000 డాలర్లు కడతారా అని.