పైపు ఆగిన చోటే మన తిప్పలు మొదలు

హైదరాబాద్‌లో రవాణా అనగానే మెట్రో, ఫ్లైఓవర్లు, ఆర్టీసీ బస్సులు, అంతే, అక్కడితో చర్చ అయిపోతుంది. రోజూ ఈ ఊరికి వచ్చే సరుకుల్లో నీళ్లను మించిన బరువు ఏముంది? అవి చక్రాల మీద కాదు, పైపుల్లో వస్తాయి కాబట్టి వాటిని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

ఒకసారి లెక్కేద్దాం. కృష్ణా నది నుంచి హైదరాబాద్‌కు తాగునీళ్లు తెచ్చే కృష్ణా పథకం మూడు దశల సామర్థ్యం కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే దాదాపు 122 కోట్ల లీటర్లు. మన వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లతో ఇన్ని నీళ్లు తేవాలంటే రోజుకు రెండు లక్షల నలభై వేలకు పైగా ట్రిప్పులు కావాలి, అదీ నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా, దారంతా ఎగువకు. సాగర్ రోడ్డు గతి ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు ఇందులో కలపనే లేదు.

పెట్రోలుదీ అదే కథ. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు చమురు కంపెనీ హెచ్‌పీసీఎల్ వేసిన పైపులైను 572 కిలోమీటర్లు. ఒకే గొట్టంలో పెట్రోలు వెనకే డీజిల్ వస్తుంది, మధ్యలో అడ్డుగోడేమీ ఉండదు, రెండూ కలిసిపోయిన కాస్త భాగాన్ని విడిగా తీసేస్తారు. వంటగ్యాస్‌కి కూడా విశాఖ నుంచి గెయిల్ లైను ఉంది.

ఇబ్బందల్లా పైపు ఆగి చక్రం మొదలైన చోట. 2024 జనవరి 2న, ప్రమాదం చేసి పారిపోతే శిక్ష పెంచిన హిట్ అండ్ రన్ చట్టం మీద కోపంతో డ్రైవర్లు ట్యాంకర్లు ఆపేస్తే బంకుల దగ్గర ఎంత టెన్షనో చూశాం కదా (చంచల్‌గూడలో ఒకతను పెట్రోలు దొరక్క గుర్రం మీద ఫుడ్ డెలివరీ చేసింది కూడా అప్పుడే). అప్పుడు ఆగింది వందల కిలోమీటర్ల లైను కాదు, డిపో నుంచి బంకు దాకా ఉన్న ఆఖరి ముక్క.

అలాగని పైపు వేసి మర్చిపోతే కుదరదు. 2014 జూన్‌లో కోనసీమలోని నగరం అనే ఊళ్లో తుప్పుపట్టిన గ్యాస్ లైను పేలి 20 మందికి పైగా చనిపోయారు.

మళ్లీ నీళ్ల సంగతికొస్తే, హైదరాబాద్‌లో భవనం ఎత్తుకు అనుమతి రోడ్డు వెడల్పును బట్టి ఇస్తారు. ఆ రోడ్డు కింద ఉన్న నీళ్ల పైపు ఎంత లావో చూసి ఎందుకు ఇవ్వకూడదు? అది చూడకుండా కట్టేస్తే ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చంతా ఫ్లాటు కొన్నవాళ్ల మెయింటెనెన్స్ బిల్లులోనే పడుతుంది.