సిరంజికి ఆఫర్ ఉంది, మరి సూది పట్టే చేతి సంగతేంటి?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, హైదరాబాద్‌లో స్కిన్ క్లినిక్‌ల ఇన్‌స్టా పేజీల్లో ఒకటే హడావుడి. ఒక ఎంఎల్ ఫిల్లర్ (ముఖంలో గుంటలు, మడతలు నింపే మందు) వేయించుకుంటే రెండోది తక్కువ ధరకే. స్నేహితురాళ్లను వెంటబెట్టుకొస్తే బొటాక్స్ మీద డిస్కౌంట్. చీరల షాపు బ్యానర్‌కీ ఈ పోస్టుకీ తేడా కనిపించదు. ఇందులో తప్పేముంది, వ్యాపారమే కదా అనొచ్చు. నా అభ్యంతరం ఆఫర్ మీద కాదు, లెక్క కట్టే పద్ధతి మీద. ఈ వైద్యానికి ధర సిరంజి మీద ఉంటుంది, డాక్టరు చూపు మీద ఉండదు. అందుకే మనం అడిగే మొదటి ప్రశ్న కూడా 'ఏ బ్రాండ్, ఎంఎల్ ఎంత?' అనే. డబ్బు సరుకు మీదే వస్తున్నప్పుడు సరుకు కదలాలి. 'మీకిది అక్కర్లేదమ్మా' అని చెప్పి పంపిన డాక్టరుకి ఆ పూట మిగిలేది కన్సల్టేషన్ ఫీజు మాత్రమే. చాలా క్లినిక్‌లు దాన్నీ 'ఉచితం' చేసేశాయి.

ఉచితంగా చూసినవాళ్లు ఏం చూస్తారన్నది ఆలోచించాల్సిన విషయం. ముఖం మీద గీతలన్నీ ఒక జాతివి కావు. కోపం వచ్చినప్పుడు కనుబొమల మధ్య పడే నిలువు గీతలు, నవ్వితే కంటి చివర విచ్చుకునేవి, నుదుటి మీది అడ్డగీతలు, ఇవన్నీ ప్రధానంగా కండరం ముడుచుకోవడం వల్ల వచ్చేవి. వీటికి వాడేది బొటాక్స్ రకం మందు. అది గీతను నింపదు, కింద ఉన్న కండరాన్ని కొన్నాళ్లు పడుకోబెడుతుంది. పని కనిపించడానికి కొన్ని రోజులు, పూర్తిగా కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది. మూడు నాలుగు నెలల్లో ప్రభావం పోతుంది. కెనడాలో కళ్ల డాక్టరు జీన్ కారథర్స్ రెప్పలు కొట్టుకునే జబ్బుకి ఈ మందు ఇస్తూ, పేషెంట్ల కనుబొమల మధ్య గీతలు మాయమవడం గమనించారు. చర్మవైద్యుడైన భర్త అలిస్టర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ గీతలకు బొటాక్స్‌ను 2002లో అనుమతించింది.

ముక్కు పక్క నుంచి పెదవి చివరికి దిగే మడత వేరు. నోటి కొసల నుంచి గడ్డం వైపు జారే గీతా అంతే. ముఖం కదలకపోయినా ఇవి అక్కడే ఉంటాయి. ఫిల్లర్ మాట ఎత్తాల్సింది ఇక్కడ. అయినా ఇక్కడా ఒక మెలిక ఉంది. మడత కనిపిస్తున్న చోటే సమస్య ఉండాలని లేదు. వయసుతో బుగ్గలోని కొవ్వు తగ్గుతుంది, కిందికి జారుతుంది, వెనక ఎముక కూడా కొంత తరుగుతుంది. ఆ జారుడు ముక్కు పక్కన మడతగా తేలుతుంది. తెలిసిన డాక్టరు చాలాసార్లు బుగ్గ ఎముక దగ్గర కొద్దిగా ఎత్తు ఇస్తారు, మడత తనంతట తానే పలచబడుతుంది. తెలియనివాళ్లు మడతలోనే నింపుకుంటూ పోతారు. రెండు మూడు విడతలయ్యేసరికి నోటి చుట్టూ బరువు చేరి, నవ్వినప్పుడు ముఖం తనది కానట్టు ఉంటుంది. మనం సినిమా వాళ్ల ఫొటోలు చూసి ముఖం పాడు చేసుకున్నారని జాలిపడేది చాలావరకు ఇలాంటి నింపుడు గురించే.

మన చామనఛాయ చర్మం గురించి ఒక మాట. ఎండ వల్ల పడే సన్న ముడతలు తెల్లవాళ్లతో పోలిస్తే మనకు ఆలస్యంగా వస్తాయి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కాపాడుతుంది. మనల్ని ముందుగా పట్టుకునేది మంగు, మచ్చలు, కళ్ల కింద నలుపు. నలభై దాటాక 'ముఖం అలసిపోయినట్టుంది' అని వచ్చేవాళ్లలో కొందరికి అసలు సమస్య గీత కాదు, రంగు. ఫిల్లర్ గుంటను నింపగలదు గానీ నలుపును తుడవలేదు. కళ్ల కింద పలచటి చర్మంలో మరీ పైపైన పెడితే నీలంగా మెరిసి ఇంకా అలసినట్టు చూపిస్తుంది. సన్‌స్క్రీన్, మంచి క్రీము, ఆర్నెల్ల ఓపిక చాలే చోట సిరంజి ఖర్చు పెట్టించడం మోసమని అనను గానీ, వైద్యమని కూడా అనలేను.

ఇక ఏ ఫిల్లర్ అన్న ప్రశ్న. చర్చంతా బ్రాండ్ల చుట్టూ తిరుగుతుంది గానీ, తెలుసుకోవాల్సిన తేడా ఒక్కటే: కరిగించగలమా, లేదా? హయలురోనిక్ యాసిడ్ జెల్ మన శరీరంలో సహజంగా ఉండే పదార్థానికి దగ్గరిది. ఈ జాతిలో రెస్టిలేన్‌కు 2003లో, జువెడెర్మ్‌కు 2006లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్ ఇస్తే ఇది కరిగిపోతుంది. కాల్షియం హైడ్రాక్సిలాపటైట్, పాలీ ఎల్ లాక్టిక్ యాసిడ్ లాంటివి ఎక్కువ కాలం నిలుస్తాయి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ను పెంచుతాయి. కొన్ని ముఖాలకు బాగానే పనిచేస్తాయి కూడా. కానీ తేడా వస్తే కరిగించే విరుగుడు లేదు. మొదటిసారి వేయించుకునేవాళ్లు కరిగే జెల్ దాటి వెళ్లకపోవడమే మంచిదని నేనంటాను. 'ఒక్కసారి వేస్తే జీవితాంతం' అని ఎవరైనా ఆశ పెడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ద్రవ సిలికోన్‌ను ముఖం నింపడానికి ఎఫ్‌డీఏ అనుమతించలేదు. ఏళ్ల తర్వాత గడ్డలు కట్టిన ముఖాలు దాని చరిత్ర.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ముఖంలో రక్తనాళాల అల్లిక అలాంటిది. జెల్ పొరపాటున ధమనిలోకి వెళ్తే ఆ నాళం మూసుకుపోయి, దాని మీద ఆధారపడ్డ చర్మం చచ్చిపోవచ్చు. ముక్కు, కనుబొమల మధ్య, నుదురు, ముక్కు పక్క మడత దగ్గరి నాళాలకు కంటి ధమనితో సంబంధం ఉంది. జెల్ వెనక్కి నెట్టుకుపోయి కంటికి చేరితే చూపు పోతుంది, చాలామందికి తిరిగి రాదు. వైద్య పత్రికల్లో అప్పటిదాకా నమోదైన ఇలాంటి కేసులను 2015లో సమీక్షిస్తే 98 తేలాయి. వాటిలో దాదాపు సగం శరీరంలోని కొవ్వు తీసి ముఖంలో ఎక్కించినవి, సుమారు నాలుగో వంతు హయలురోనిక్ యాసిడ్‌వి. కోట్ల ఇంజెక్షన్లలో ఈ సంఖ్య చిన్నదే, భయపెట్టడానికి చెప్పడం లేదు. అదే ఏడాది ఎఫ్‌డీఏ కూడా రక్తనాళాల్లోకి ఫిల్లర్ వెళ్లే ప్రమాదం గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది.

నేర్పున్న చేతిలోనూ ఇది జరగొచ్చు. ఆ తర్వాతి గంటలోనే అసలు తేడా తెలుస్తుంది. సూది వేస్తుండగా చర్మం తెల్లగా పాలిపోవడం, మామూలు కన్నా ఎక్కువ నొప్పి, కాసేపటికి వలలా నీలి మరకలు కనిపిస్తే నాళం మూసుకుందని అనుమానించాలి. వెంటనే ఆపి, హయలురోనిడేజ్‌ను పెద్ద మోతాదులో, అవసరమైతే గంట గంటకూ ఇవ్వాలి. చూపు మసకబారితే క్షణం ఆగకుండా కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. రెటీనా రక్తం లేకుండా తట్టుకునేది గంటన్నర లోపే. ఈ ఎంజైమ్ దొరకని మందేమీ కాదు, కంటి ఆపరేషన్లలో మత్తు మందుతో కలిపి వాడేదే. అలాంటిది ఫిల్లర్ వేసే గదిలో లేకపోతే దానికి సాకు లేదు. 'ఇక్కడ హయలురోనిడేజ్ ఉందా, ఎక్కడుంది, చూపిస్తారా?' అని మొహమాటం లేకుండా అడగండి. సమాధానం నవ్వుతో వస్తే ఫర్వాలేదు, నవ్వి దాటేస్తే మాత్రం వద్దు.

మరి ఎవరి చేతిలో? ఎండీ డీవీఎల్, డీడీవీఎల్ (రెండూ చర్మవైద్యంలో పీజీ అర్హతలే), డీఎన్‌బీ చర్మవైద్యం, ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ, ఇవీ చూడాల్సిన అక్షరాలు. బోర్డు మీద 'కాస్మెటాలజిస్ట్', 'ఏస్థటిక్ ఫిజీషియన్' అని ఉంటే అది డిగ్రీ కాదు, కొన్ని వారాల కోర్సు సర్టిఫికెట్ కూడా కావచ్చు. పేరు ముందు డాక్టర్ అని ఉండటం సరిపోదు. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో సరిచూసుకోవచ్చు. పెళ్లి సంబంధానికి పది చోట్ల వాకబు చేసే మనం ఈ రెండు నిమిషాల పనికి బద్ధకిస్తాం. దవడ, ముఖ శస్త్రచికిత్సలో పీజీ చేసిన దంత వైద్యులు తమకూ అర్హత ఉందంటారు, చర్మవైద్యులు ఒప్పుకోరు. ముఖ నిర్మాణం ఆ సర్జన్లకు తెలియదని నేను అనలేను. ఆ తగువు మాటున ఏ పీజీ లేని చేతులు సూది పట్టుకోవడమే నన్ను కలవరపెట్టేది.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. బ్రిటన్‌లో ప్రభుత్వం కోరగా 2013లో అక్కడి ప్రభుత్వ వైద్య సేవ మెడికల్ డైరెక్టర్ బ్రూస్ కీయో నేతృత్వంలో ఇచ్చిన నివేదిక, ఇలాంటి చికిత్సలకు వెళ్లేవాళ్లకు పెన్నో టూత్‌బ్రష్షో కొన్నవాళ్ల కన్నా ఎక్కువ రక్షణ లేదని తేల్చింది. పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు అందం కోసం బొటాక్స్, ఫిల్లర్లు వేయడం నేరమని ఇంగ్లండ్‌లో చట్టం అమల్లోకి వచ్చింది 2021 అక్టోబరులో. అదే నెలలో అమెరికా ఎఫ్‌డీఏ సూది లేకుండా ఒత్తిడితో ఫిల్లర్ ఎక్కించే 'పెన్ను'లు వాడొద్దని హెచ్చరించింది. 2024 ఏప్రిల్‌లో నకిలీ, లేదా సరిగా వాడని బొటాక్స్ వల్ల 11 రాష్ట్రాల్లో 22 మంది అస్వస్థులయ్యారని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రకటించింది. నిఘా గట్టిగా ఉన్న దేశంలోనే నకిలీ సరుకు క్లినిక్ దాకా చేరితే, మనం అడగకుండా ఊరుకోవడం ఏ ధైర్యంతో?

కాబట్టి పెట్టె మీ ముందే విప్పమనండి. ఒక ఎంఎల్ అంటే టీస్పూనులో ఐదో వంతు, అదంతా మీకే వాడాలని కూడా లేదు. అలాగని మిగిలింది మరొకరికి వేయకూడదు, ఇద్దరు కలిసి ఒక సిరంజి పంచుకోకూడదు. ఆదా పేరుతో జరిగే ఈ పని ఒకరి రక్తం నుంచి మరొకరికి జబ్బు అంటించే దారి. బొటాక్స్‌ది ఇంకో కిటుకు. పొడిని సెలైన్‌లో కలిపి వాడతారు, ఎక్కువ నీళ్లు కలిపితే యూనిట్ ధర తక్కువే, పని కూడా తక్కువే. ఎన్ని యూనిట్లు, ఎక్కడ వేశారన్నది రాసి ఇమ్మనండి.

ముహూర్తం దగ్గర పెట్టుకుని వెళ్లేవాళ్లకు: కమిలినా వాచినా తగ్గడానికి, అవసరమైతే సరిచేయడానికి కనీసం నాలుగు వారాలు చేతిలో ఉండాలి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా వాయిదా వేయండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే, అవి మోకాలి నొప్పికో గుండెకో కదా అనుకుని డాక్టరుకు చెప్పకుండా ఉండకండి, కానీ మీ అంతట మీరు మానేయకండి.

డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవుల్లో వచ్చి, పళ్ల పనితో పాటు ఇదీ చేయించుకుని విమానం ఎక్కేవాళ్లు పెరుగుతున్నారు. ధర తేడా నిజమే, ఇక్కడ మంచి చేతులున్న మాటా నిజమే. వాపు, గడ్డ మాత్రం కొన్నిసార్లు వారాలకో నెలలకో వస్తాయి, అప్పటికి వేసిన డాక్టరు వేల మైళ్ల దూరంలో ఉంటారు. అందుకే ప్రయాణం ముందు రోజు వేయించుకోవద్దు, రెండు వారాలైనా ఊళ్లో ఉండేలా చూసుకోండి. ఫిల్లర్ పెట్టెలో బ్రాండు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. ఒకటి అడిగి తీసుకుని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. రేపు అక్కడి డాక్టరు ముందుగా అడిగేది లోపల ఉన్నది కరిగే జెల్లా, కాదా అనే.