93 పాళ్ల జనం, 7 పాళ్ల సారు

మనిషి ఇంకో గంటకు ఎక్కడుంటాడో నూటికి 93 పాళ్లు ముందే చెప్పవచ్చని శాస్త్రం తేల్చి పదిహేనేళ్లు దాటింది. నెల్లూరులో మాత్రం చెప్పులేసుకుని గడప దాటేవాణ్ణి చూసి జనం ఇంకా ‘‘ఏం సామీ, దూరమా?’’ అని అడుగుతూనే ఉన్నారు. ‘ఎక్కడికి’ అంటే పోయే పని చెడుతుందని భయం, అసలు అడక్కపోతే పొద్దుపోదు. శాస్త్రం ఇంత ముందుకు పోయాక కూడా పొరుగువాడి ప్రయాణాన్ని నోటితో అడిగి తెలుసుకోవడం మన జిల్లాకు తలవంపులని నా దృఢమైన అభిప్రాయం.

ఆ లెక్క 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చావోమింగ్ సాంగ్, ఆల్బర్ట్ లాస్లో బరబాసీ తదితరులు 50,000 మంది సెల్‌ఫోన్ వాడకందారుల మూడు నెలల రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. వాటిలో మనుషుల పేర్లు లేవు. ఫోన్ మాట్లాడినప్పుడు అది ఏ టవరు కింద ఉందన్న ముక్క ఒక్కటే వాళ్లకు ఆధారం. దాంతోనే తేల్చేశారు, మన తిరుగుడు మనం అనుకున్నంత ఇష్టారాజ్యం కాదని. ఎంత విచ్చలవిడిగా తిరిగేవాడైనా 80 పాళ్లకు తగ్గడట. రోజూ పది కిలోమీటర్లు దాటనివాడూ, వందల కిలోమీటర్లు చుట్టొచ్చేవాడూ ఊహకు దొరకడంలో ఇంచుమించు ఒకటేనట. అంటే వేదాయపాళెంలో ఇడ్లీబండి పెట్టుకున్నాయనా, ఆ బండి దగ్గర టిఫిన్ చేసి మద్రాసుకు లారీ తోలే ఆయనా శాస్త్రం కళ్లకు ఒకే రకం మనుషులు. లారీ ఆయనకు ఈ మాట చెప్పకండి, నొచ్చుకుంటాడు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆ 93 అనేది హద్దు. ఎంత తెలివైన యంత్రం కట్టినా అంతకుమించి సరిగ్గా చెప్పడం కుదరదని దానర్థం, ఏదో యంత్రం అంతా చెప్పేసిందని కాదు. ఇలాంటి యంత్రాలు అమ్ముకునేవాళ్లకు ఈ తేడాలు పట్టవనుకోండి. అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. ఫలానా గంటలో ఆ మనిషి మామూలుగా ఎక్కడుంటాడో కళ్లు మూసుకుని అదే చోటు చెప్పేస్తే చాలు, సగటున పదింట ఏడుసార్లు తగులుతుంది. మనిషి ఇంట్లో పడుకునే వేళల్లో ఇంకా బాగా తగులుతుంది. ‘అబ్బాయి రాత్రిళ్లు ఇంటిపట్టునే ఉంటాడండీ’ అని చెప్పి సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య కూడా ఈ విద్యలోనే పండితుడు. ఆయనకు ‘సైన్స్’లో చోటివ్వలేదు, అంతే.

యంత్రం పనిచేసే తీరు సులువు. ఆండ్రీ మార్కోవ్ అనే రష్యా గణితవేత్త 1906లో మొదలుపెట్టిన గొలుసుల లెక్కను ఈ పనికి బాగా వాడారు. ఇప్పుడెక్కడున్నావన్నదే దానికి ముఖ్యం, అక్కడికి ఎలా వచ్చావో అనవసరం. పాత రికార్డు తిరగేసి, ఆ చోటు నుంచి నూటికి ఎన్నిసార్లు ఎటు పోయాడో చూస్తే తర్వాతి మజిలీ తెలిసిపోతుంది. సంతపేట మార్కెట్లో నిండు సంచితో నిలబడ్డ మనిషి ఇంటికే పోతాడు. వైన్ షాపు ముందు నిలబడ్డ మనిషి సంగతి అలా కాదు. అక్కడి నుంచి ఇంటికి గీసిన గీత జీతాల రోజున సన్నబడి, నెలాఖరుకు లావెక్కుతుంది. అందుకే వెనక రెండు మూడు మజిలీలు కూడా చూసే గొలుసులు వచ్చాయి, ఆ వెనకే పాత రికార్డుల నుంచి తమంతట తామే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులు వచ్చాయి. ఎన్ని వచ్చినా మా వైపు పనికి ఒక లోటు ఉండిపోయింది. వాటికి పంచాంగం రాదు.

ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల. ఆ రెండు రోజులూ నెల్లూరు నుంచి ఒంగోలుకు కొత్త పని మీద బయల్దేరని పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. గురువారం దక్షిణం, కాబట్టి మద్రాసు కుదరదు. సోమ, శనివారాలు తూర్పు. శనివారం సాయంత్రం మైపాడు బీచికి పోయే కుర్రాళ్లు దీన్ని లెక్కచేయరు, కానీ వాళ్ల వయసుకొక గడి వేరే పెట్టుకోవచ్చు. వారానికొక గడి, దిక్కుకొక గడి, వర్జ్యానికొక గడి ఇస్తే యంత్రం బాగుపడుతుంది. ఇప్పటికైతే దానికి ఆషాఢం తెలియదు. కొత్త పెళ్లికూతురు నెల రోజులు పుట్టింట్లో ఉంటే కాపురం చెడిందనుకుంటుంది. మాల వేసుకున్నాయన రాత్రి ఎనిమిదింటికి మామూలుగా కూర్చునే చోటు మానేసి భజనకు పోతుంటే, ఫోన్ ఎవడో కొట్టేశాడనుకుంటుంది. 41 రోజులు గడిచాక ఫోన్ మళ్లీ సొంతదారు చేతికి వచ్చిందని సంతోషపడుతుంది.

రొట్టెల పండగ దగ్గర ఇంకా కష్టం. స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గాకు ఆ కొద్దిరోజుల్లో ఎక్కడెక్కడి నుంచో లక్షల జనం వస్తారు. మొహర్రం నెల చాంద్రమానం, మన క్యాలెండర్లో ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. పోయిన ఏడాది తారీకు బట్టీ పట్టిన యంత్రం సమయానికి వస్తే దానికి ఖాళీ చెరువు కనిపిస్తుంది. సరే, తారీకు నేర్పించామే అనుకోండి. నీళ్లలో నిలబడి ఒకరు ఉద్యోగ రొట్టె, ఒకరు పెళ్లి రొట్టె, ఒకరు వీసా రొట్టె అందుకుంటారు. కోరిక తీరితే మరో ఏడు వచ్చి రొట్టె ఇవ్వాలి. వీసా రొట్టె పట్టిన కుర్రాడు వచ్చే మొహర్రానికి డల్లాస్‌లో ఉంటాడా, ఇదే చెరువులో మళ్లీ చెయ్యి చాచి ఉంటాడా అన్నది వీసా ఇచ్చే కౌంటరులో కూర్చున్నవాళ్లకే తెలియదు.

కందుకూరు విషయంలో నాకు యంత్రం మీద జాలేస్తుంది. 2008లో ‘నేచర్’ పత్రికలో ఇదే బరబాసీ బృందం 100,000 మంది ఫోన్లు చూసి, ఒక్కో మనిషి తన ఇరుసు చుట్టూ ఎంత దూరం తిరుగుతాడో కొలిచింది. దాన్ని గైరేషన్ వ్యాసార్థం అంటారు. చాలామందికి అది చిన్నదే. ఇప్పుడు కందుకూరులో అరుగు దిగని ఒక పెద్దాయన్ని ఊహించుకోండి. 1970 దాకా ఆయనది నెల్లూరు జిల్లా. ఆ ఏడు ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. పెద్దాయన అరుగు మీదే ఉన్నాడు. 2022 ఏప్రిల్లో మళ్లీ నెల్లూరు జిల్లా. ఆ తర్వాతైనా కుదురుకుందని నేను హామీ ఇవ్వను. మనిషి కదిలితే పట్టే యంత్రం ఉంది గానీ, మనిషిని అక్కడే ఉంచి కాళ్ల కింద జిల్లా కదిలితే పట్టే యంత్రం ఇంకా రాలేదు.

ఇక అసలు విషయం. 93 పోగా మిగిలిన 7 పాళ్లు ఏమైపోయాయన్నది నా చిరకాల సందేహం. ఆ 7 పాళ్లు ప్రతి మనిషి రోజులోనూ తలా కాస్త ఉంటాయని శాస్త్రవేత్తలు చెబుతారు. పాపం, వాళ్లెప్పుడూ మా వైపు ఆఫీసు వరండాలో బెంచీ మీద కాగితాలు పట్టుకుని కూర్చోలేదు. మా దగ్గర ఆ 7 పాళ్లూ తలుపు అవతల కుర్చీలో పోగుపడి ఉన్నాయి. ఆ కుర్చీ వెనక తువ్వాలు ఉంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, మనిషి ఉండడు.

‘‘సారు క్యాంపు పోయుండారు.’’

ఏ ఊరు క్యాంపు? తెలవదు. ఎప్పుడొస్తారు? తెలవదు. రేపు రమ్మంటారా? వచ్చి చూడండి. అయోమయానికి గణితంలో ఒక కొలత ఉంది, ఎంట్రోపీ అంటారు. 2010 లెక్కంతా దాని మీదే నడిచింది. అది గరిష్ఠంగా ఎక్కడ ఉంటుందో వెతుక్కుంటూ బరబాసీగారు అన్ని టవర్లు తిరిగి ఉండక్కర్లేదు, మా అటెండరును ఒక మాట అడిగితే సరిపోయేది. సారు ఒక్కరే కూడా కాదు. చీటీ పాడుకున్నాక చీటీల ఓనరు, ఓట్లు పడ్డాక గెలిచినాయన, కరెంటు పోయాక లైన్‌మన్, అడ్వాన్సు తీసుకున్నాక మేస్త్రీ, వీళ్లలో ఎవరి జాడా ఏ శాస్త్రానికీ దొరకదు. మనకు అవసరమై వెతికే మనుషులందరూ ఆ 7 పాళ్లలో కాపురం పెట్టారు.

మరి దొరికేదెవరు? రొయ్యల ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్లు దొరుకుతారు. తెల్లారకముందే అదే మలుపు దగ్గర, అదే కంపెనీ బస్సు కోసం నిలబడతారు, అంత చలినీళ్లలో చేతులు పెట్టి సాయంత్రం అదే మలుపు దగ్గర దిగుతారు. వాళ్ల మీద యంత్రానికి నూటికి నూరు మార్కులొస్తాయి. పొగాకు రైతు దొరుకుతాడు. వేలం మొదలైతే పొలం, ఆకు ఆరబెట్టే బ్యారన్, వేలం కేంద్రం, మళ్లీ ఇల్లు, ఇదే తిరుగుడు. ఆయన సాయంత్రానికి ఇల్లు చేరాడని ఫోన్ సరిగ్గానే చెప్పింది. కొనేవాడు లేక నో బిడ్ అయిన పొగాకు బేళ్లు కూడా ఆయన వెంటే ఇంటికొచ్చాయన్నది దాని పరిధిలోని అంశం కాదు.

కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు జనమైతే శాస్త్రానికి కల్పతరువులు. పంట చేతికి రాకపోతే హైదరాబాదు, బెంగళూరు. అక్కడ కట్టే అపార్టుమెంటు కింద రేకుల షెడ్డు. సంక్రాంతికి ఒకసారి ఊరు, ఎన్నికలకు ఇంకోసారి. ఎన్నికలప్పుడు ఎవరెక్కడున్నారో యంత్రం కన్నా ముందే కనిపెట్టి బస్సులు పంపేవాళ్లున్నారు, ఆ లిస్టు ముందు న్యూరల్ నెట్‌వర్కులు దిగదుడుపు. ఈ జనం ఎటు పోతారో ఇంత బాగా తెలియడానికి కారణం, నీళ్లు ఎటూ పోకపోవడం. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను సొరంగాల్లో ఆ వైపుకు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. జంట సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. జాతి వాటిని కృతజ్ఞతతో స్వీకరించి బెంగళూరు బస్సెక్కింది. మనుషుల కదలిక మీద ఇంత పరిశోధన చేసినవాళ్లు నీళ్ల కదలిక మీద కూడా ఒక వ్యాసం రాస్తే, దాన్ని లామినేషన్ చేయించి బస్టాండులో కట్టిస్తానని మాటిస్తున్నాను.

ఈ జాడలన్నీ పేర్లు తీసేసి వాడతామని కంపెనీలు అంటాయి. 2013లో ఇవ్-అలెగ్జాండర్ డి మోంజాయ్ బృందం 15 లక్షల మంది పదిహేను నెలల జాడలు పరిశీలించి, ఏ వేళకు ఎక్కడ ఉన్నాడో నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని మిగతా గుంపులోంచి వేరుచేసి పట్టుకోవచ్చని తేల్చింది. నాలుగెందుకో నాకర్థం కాలేదు. మా ఊళ్లో అయితే చెప్పుల జత చాలు. అయినా ఫోన్ పని టవరుతో ఆగదు, జీపీఎస్‌తో అది బిల్డింగు దాకా వస్తుంది. నెల్లూరు పొగతోట వీధిలో నెలకోసారి అదే ఆస్పత్రి గుమ్మం ఎక్కే కోడలు ఏ డాక్టరు దగ్గరకు పోతుందో దానికి తెలుసు. మూడో నెల దాకా ఎవరికీ చెప్పొద్దని వాళ్లమ్మ గట్టిగా చెప్పింది. ఆ మాట ఫోన్‌కు ఎవరూ చెప్పలేదు. అత్తగారికి కబురందే లోపు డైపర్ల ప్రకటన అందితే తప్పు ఎవరిదంటారు? లొకేషన్ వాడుకోవచ్చా అని అది మర్యాదగా అడిగింది, ఈమె సరేనని నొక్కింది. టార్చిలైటు యాప్ అడిగినా నొక్కేవాళ్లమే. చీకట్లో మనం ఎక్కడున్నామో తెలియకపోతే అదెలా వెలుగుతుంది పాపం!

చట్టం లేదా అంటే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో పార్లమెంటు చట్టం చేసింది. నాకు మాత్రం ఒక మాదకద్రవ్యాల కేసులో 2024 జులైలో వచ్చిన తీర్పు బాగా నచ్చింది. బెయిల్ మీద బయటికొచ్చిన నిందితుడి కదలికల్ని పోలీసులు అస్తమానం కనిపెట్టి చూసేలా షరతు పెట్టకూడదని, గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి చూపించమనకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మాదకద్రవ్యాల కేసులో నిందితుడికి ఉన్న భద్రత, ఏ కేసూ లేక టార్చిలైటు వేసుకున్న నాకు లేదు. ఈ తేడా పోవాలంటే ముందు ఒక కేసులో ఇరుక్కుని, అరెస్టయి, బెయిల్ మీద బయటికి రావడమొక్కటే మార్గం.

తక్కువ ఖర్చులో ఏ కేసు బాగుంటుందో సలహా అడుగుదామని మా లాయరుగారి ఇంటికి పోయాను. శకునం చూడందే కోర్టు మెట్లు కూడా ఎక్కని మనిషి, ఆయన ఎప్పుడెక్కడ ఉంటారో నేనే 93 పాళ్లు చెప్పగలను. గుమస్తా తలుపు తీసి, ‘‘సారు మద్రాసు పోయుండారు, ఎప్పుడొస్తారో తెలవదు’’ అన్నాడు. గోడమీద క్యాలెండరు చూస్తే గురువారం!