ఇరుపక్షాల నూనె సీసా గారికి

మహారాజశ్రీ అభిషేక తైలం సీసా గారి సముఖమునకు,

ప్రభువు నామమున వందనాలు. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం ఉత్తరాల ఆచారం. మీ విషయంలో ఆ వాక్యం రాయబోతే కలం ఆగిపోతోంది. మీరు ఇక్కడా ఉన్నారు, అక్కడా ఉన్నారు. ఆ సంగతి మొన్న ఆదివారం సాయంత్రం దాకా మాకు తెలియదు.

మా ఇంట్లో మీ స్థానం ముందు గదిలో, వాక్యాల క్యాలెండరు కింద ఉన్న గూడు. అరచేతిలో ఇమిడే సీసా, తెల్లని మూత. చీటీ మీద పావురం, పావురం వెనక మంట, మంట వెనక సూటు వేసుకుని ఆకాశం వైపు వేలు చూపిస్తున్న దైవజనులు. మూత తీస్తే ముందు అగరుబత్తి వాసన, కాసేపయ్యాక అడుగు నుంచి వేరుశనగ నూనె వాసన. మా వీధి చివర గోంగూర పచ్చడి అమ్మే ఆమె సీసా మీద కూడా బరువు, ధర, తయారైన తేదీ ఉంటాయి. మీకు అవేవీ లేవు. మీకు ధర ఉండదు, కానుక ఉంటుంది. అది రెండు వేలకు తగ్గితే తైలం పనిచేయదని బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి చాలా వినయంగా చెబుతాడు. ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టే వితంతు పింఛను నాలుగు వేలు. మీరు నాలుగుసార్లు విచ్చేశారు.

రోగాలు కుదురుస్తామంటూ మంత్రాల మందులను ప్రచారం చేయకూడదని 1954లోనే చట్టం చేశారు. గట్టు తగాదాలు రోగాల జాబితాలో లేవు. ఆ సందు మీ వాళ్లు ఎంత చక్కగా కనిపెట్టారు!

పదహారు సెంట్ల గొడవ ఎలా మొదలైందో మీకు చెప్పనక్కరలేదు. టంగుటూరు చుట్టుపక్కల పొగాకు కాల్చే ఏ బ్యారన్ నీడన నిలబడి అడిగినా అలాంటిది ఒకటి దొరుకుతుంది. మా నాన్న వేసిన దావా, నాన్న పోయాక అమ్మ పేరు మీదికి వచ్చింది, తొమ్మిదేళ్లుగా నడుస్తోంది. నడుస్తోందని మర్యాదకు అంటున్నాను. ఎదుటి పక్షం మా సొంత బాబాయి. ఒకే సంఘం, ఒకే ఆరాధన. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర అమ్మ ఆడవాళ్ల వైపు, ఆయన మగవాళ్ల వైపు, మధ్యలో ఆ పదహారు సెంట్లు.

రోహిణి కార్తె ఎండల్లో ఒంగోలు శివార్లలో షామియానాలు వేసిన సభకు అమ్మను తీసుకువెళ్లింది నేనే. ఉదయం తొమ్మిదికి టోకెను, మధ్యాహ్నం మూడుకు పిలుపు. వరుసలో ఉన్నవాళ్లకు ముందుగా ఒక కాగితం పంచారు. పేరు, ఊరు, ఫోను నంబరు, సమస్య. కలెక్టరు కార్యాలయం దగ్గర జిరాక్సు షాపు నాది. పద్దెనిమిదేళ్లుగా ఊరందరి దరఖాస్తులూ నింపిన చెయ్యి ఇది. ఆ రోజు మాత్రం అమ్మ వీపు మీద కాగితం పెట్టి, ఎవరినో అడిగి తీసుకున్న పెన్నుతో, కళ్లు బైర్లు కమ్ముతుంటే రాశాను. సర్వే నంబరు 241కి బదులు 214 అని పడింది. కాగితాలు తీసుకువెళ్లాక గుర్తొచ్చింది. దేవుడికి తెలియదా ఏమిటిలే అనుకున్నాను.

మూడు గంటలకు కీబోర్డు మెల్లగా మూలగడం మొదలుపెట్టింది. దైవజనులు కళ్లు మూసుకుని, నుదుటికి రెండు వేళ్లు ఆనించి, "ఒక తల్లి... దక్షిణం వైపు నుంచి వచ్చింది... భర్త లేడు... ఒక రాయి కనిపిస్తోంది, హద్దు రాయి... దాని మీద అంకె... రెండు... ఒకటి... నాలుగు!" అన్నారు. షామియానా అంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. అమ్మ వణికిపోతూ నా మోచెయ్యి పట్టుకుంది.

మా ఊళ్లో 214 చెరువు పోరంబోకు. సర్వజ్ఞుడైన పరిశుద్ధాత్మ మా అమ్మకు చెరువు రాసిచ్చాడు, అది కూడా నా చేతిరాతలో.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ సంగతి చెప్పాను. అమ్మ కాసేపు కిటికీలోంచి సుబాబుల్ తోటలు చూసి, "నువ్వు తప్పు రాశావని నీకు తెలియాలనే ఆయన ఆ తప్పును చదివించాడు" అంది. ఈ జవాబు ముందు ఏ వకీలు నిలబడగలడు?

"నలభై రోజుల్లో నీ ప్రతివాది నేలమీద పడతాడు" అన్నది ప్రవచనం. దానికి తోడు మీరు, మీతో పాటు విధివిధానాలు. శుక్రవారం రాత్రి ప్రతివాది గడపకు తైలం రాయాలి. ఎవరూ చూడకూడదు. వెళ్లేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఎవరితోనూ మాట్లాడకూడదు. వారానికి ఒక సీసా పూర్తిగా ఖర్చు కావాలి. చేతబడి అన్న మాట చెవిన పడితే మా నాయనమ్మ దుప్పటి కప్పుకుని ప్రార్థన చేసుకునేది. ఆమె బతికి ఉంటే మీ మూత వాసన చూసి, దీనికి సూటు ఎవరు తొడిగారు అని అడిగేది.

అమ్మ అరవై ఎనిమిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులతో పెరటి మెట్టు దిగడానికే నన్ను కేకేసే మనిషి. నాలుగు శుక్రవారాలు చీకట్లో, చెప్పులు చేత పట్టుకుని, నాలుగిళ్ల అవతలికి వెళ్లి, వంగి, మరిది గడపకు నూనె పూసి వచ్చింది. మొదటి మూడు వారాలు బాబాయి పిన్నితో కలిసి కూతురి ఊళ్లో ఉన్నారట, గడప తొక్కినవాళ్లు లేరు. నాలుగో శుక్రవారం ఆయన ఊళ్లోనే ఉన్నారు. తెల్లవారి పాల ప్యాకెట్టు తీసుకోవడానికి బయటికి వచ్చారు.

ప్రవచనం నెరవేరింది. నున్నటి కడప బండ మీద నాలుగు సీసాల వేరుశనగ నూనె పూస్తే ప్రతివాది అయినా పడతాడు, ప్రవక్త అయినా పడతాడు. కుడి చేతి మణికట్టు విరిగింది. కబురు ఎలా పాకిందో గానీ, మీ కార్యాలయం నుంచి అమ్మకు ఫోను వచ్చింది. వచ్చే సభలో సాక్ష్యం చెప్పాలట. రానుపోను ఖర్చులు మావేనట.

అమ్మ సాక్ష్యానికి వెళ్లలేదు. మూడు రాత్రులు నిద్రపోలేదు. మంచం పట్టె మీద కూర్చుని, గూట్లో ఉన్న మీ వంక చూసి, క్యాలెండరు వంక చూసి, మళ్లీ మీ వంక చూసింది. క్యాలెండరులో ఈ నెల వాక్యం రోమా పత్రికలోది, "పగతీర్చుట నా పని." ఇన్నాళ్లూ ఆ వాక్యం కింద కూర్చుని మీరు ఏమనుకున్నారో నాకు తెలియదు. మూడో రాత్రి అమ్మ, "నేను కాపురానికి వచ్చేసరికి వాడు పదో తరగతి. ఆ చేతికి క్యారేజీ కట్టి ఇచ్చినదాన్ని. పడాలనే కదా రాశాను, పడితే ఇలా ఉందేమిటిరా" అంది.

ఆదివారం సాయంత్రం అర డజను అరటిపళ్లు, ఒక హార్లిక్స్ సీసా తీసుకుని, తొమ్మిదేళ్ల తర్వాత ఆ ఇంటి గడప ఎక్కింది. ఈసారి పగటిపూట. అమ్మ కుర్చీలో కూర్చుని, ఒప్పుకోవడానికి నోరు తెరిచింది. అప్పుడు ఆమె చూపు కిటికీ మీద పడి అక్కడే ఆగిపోయింది.

కిటికీలో మీరు. అదే పావురం, అదే మంట, అదే వేలు. సగం ఖాళీ.

కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్న బాబాయి అమ్మ చూపు ఎటు పోయిందో చూశారు. "వదినా, మీకూ ఇచ్చారా?" అన్నారు.

"నాలుగు" అంది అమ్మ.

"నావి ఆరు."

వంటింట్లో పిన్ని చేతిలోంచి గరిట జారిపడిన చప్పుడు వినిపించింది. బాబాయికి వేరే సభలో, వేరే వారంలో చెప్పిన ప్రవచనం ఏమిటంటే, నలభై రోజుల్లో ప్రతివాది దావా వెనక్కి తీసుకుంటుంది. ఆయన రాయవలసింది హద్దు రాయికి. పోయిన నెల కొలతకు వచ్చిన సర్వేయరు, రాయి మీద ఎర్ర రంగు గుర్తు ఎన్నిసార్లు వేసినా నిలవడం లేదేమిటని ఎందుకు విసుక్కున్నాడో అప్పుడు తెలిసింది.

సీసా గారూ, ఒకే దావాలో ఇరుపక్షాల వకాల్తా ఒకే వకీలు పుచ్చుకుంటే బార్ కౌన్సిల్ ఊరుకోదు. మా వకీలు తొమ్మిదేళ్లలో వాయిదాలు తప్ప మాకు ఇచ్చింది ఏమీ లేదు, నిజమే. కానీ మా దగ్గర ఫీజు తీసుకుని ఎదుటివాళ్ల దగ్గర కూడా చెయ్యి చాపలేదు. పొద్దున అమ్మకు గెలుపు, సాయంత్రం బాబాయికి గెలుపు అమ్మిన నువ్వు దేవుణ్ణి ఏమనుకున్నావు? ఎక్కువ సీసాలు కొన్నవాడి వైపు మొగ్గే తీర్పరి అనుకున్నావా? నాలుగుకు ఆరు, కొట్టేశాడు బాబాయి, అంతేనా?

నూనె గురించి ఎలాగూ మాట వచ్చింది కనుక, రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం తెరువు. అక్కడా ఒక విధవరాలే. అప్పిచ్చినవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఇంట్లో ఉన్నదల్లా కాస్త నూనె. ఎలీషా ప్రవక్త ఏమన్నాడు? ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తలుపు మూసుకుని పోసుకో, అమ్మి అప్పు తీర్చుకో, మిగిలినదానితో నువ్వూ నీ కొడుకులూ బతకండి అన్నాడు. తనకొక గిన్నె పెట్టమనలేదు. ఆ కథలో నూనె విధవ ఇంటి నుంచి బజారుకు వెళ్లింది, డబ్బు ఆమె ఇంటికి వచ్చింది. నీ కథలో రెండూ ఎదురు నడిచాయి. ప్రవక్త పేరు చెప్పి డబ్బు పుచ్చుకున్నవాడు ఆ పక్క అధ్యాయంలో ఉన్నాడు, ఎలీషా పనివాడు గేహజీ. వెండితో పాటు రెండు జతల బట్టలు కూడా అడిగి తీసుకున్నాడు. నీ చీటీ మీది సూటు చూసినప్పుడల్లా అతనే గుర్తొస్తున్నాడు. తర్వాత అతనికి ఏ రోగం వచ్చిందో చదువుకో.

అహాబు రాజు నాబోతు అనేవాడి ద్రాక్షతోట కాజేసినప్పుడు ఏలీయా ప్రవక్త తిన్నగా అహాబు ఎదుట నిలబడి మొహం మీదే చెప్పాడు. చీకటి పడ్డాక అహాబు గడపకు నూనె రాసి పరుగెత్తలేదు.

ఇంత కోపం మీ ఒక్కరి మీదే కాదులెండి. 214 సంగతి నాకు మొదటి రోజే తెలుసు. బస్సులో ఒక్కసారి అని, అమ్మ కాదంటే ఊరుకున్నాను. నాలుగు శుక్రవారాలూ గేటు గడియ చప్పుడు విన్నాను, లేవలేదు. అమ్మ నమ్మకం చెడగొట్టడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి, బాబాయి పడితే బాగుండునని నాకూ ఉంది. నేను వేలు కూడా కదపకుండా దేవుడి పేరు మీద జరిగిపోతే మరీ బాగుండునని ఉంది. మీ వ్యాపారం నడిచేది మా అమ్మలాంటి అమాయకుల మీద అని అందరూ అంటారు. నాలాంటి తెలివైనవాళ్ల మీద కూడా నడుస్తుంది.

నూనె మీద నాకు పగ లేదు. నాన్న ఆఖరి రోజున మా పాత పాస్టరు గారు సైకిలు మీద వచ్చారు. అద్దం పక్కన ఉన్న కొబ్బరి నూనె సీసా తీసి, ఒక్క చుక్క నాన్న నుదుటికి రాసి, నాలుగు వాక్యాల ప్రార్థన చేశారు. టీ కూడా తాగలేదు. ఆ మిగతా నూనె అమ్మ తలకు రాసుకుంది. యాకోబు పత్రికలో పెద్దలు నూనె రాసి ప్రార్థించాలని ఉన్నది ఆ లెక్కన. బాగుపడటానికి రాయమని ఉంది, పడిపోవడానికి కాదు.

ఈ జిల్లాలో ఇలాంటి బేరాలు ఎందుకు చెల్లుతున్నాయో నాకు అంతుపట్టదు. 1876 నుంచి 1878 దాకా కరవు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి పని పెట్టాడు. అప్పుడు బాప్తిస్మం ఇవ్వమని వేలమంది అడిగారు. సుమారు 15 నెలలు ఆయన ఒక్కరికీ ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారేమో, ఆకలి తీరాక కూడా వస్తారో లేదో చూద్దామని ఆగాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది నీళ్లలోకి దిగారు. మా నాయనమ్మ తాత వాళ్లలో ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. అవసరంలో ఉన్నవాడి నమ్మకాన్ని తీసుకోవడానికి భయపడిన మనిషి ఆయన. మీ బల్ల దగ్గరి అబ్బాయి కాగితంలో మొట్టమొదట చదివేది అవసరం గడినే. ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కడానికి ఇప్పటికీ టోకెను లేదు, తెలుసా?

ఇక మీ యోగక్షేమాలు. అడుగున మిగిలిన మిమ్మల్ని అమ్మ గూట్లోంచి తీసి మా గేటు బందులకు పోసింది. నాన్న ఉన్నప్పటి నుంచి కీచుమంటున్న గేటు, ఇప్పుడు ఎవరు వచ్చినా తెలియడం లేదు. ఈ పని మాత్రం బాగా చేశారు, కాదనను. బాబాయి ఇంట్లోని మీ తోడబుట్టినదాన్ని, కట్టు విప్పాక మర్దనకు పనికొస్తుందని పిన్ని దాచింది.

గడపను సబ్బు నీళ్లతో కడిగింది నేను. హద్దు రాయి ఇంకా జిడ్డుగానే ఉంది.

వాయిదా ఈ నెల 22న. బాబాయి బండి నడపలేరు కనుక అమ్మా ఆయనా ఒకే ఆటోలో కోర్టుకు వెళ్తున్నారు, కిరాయి చెరి సగం. పదహారు సెంట్ల దగ్గర మాత్రం ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

ఇట్లు,
సర్వే నంబరు 241 వాది గారి కుమారుడు
(214 కాదు, ఈసారి రెండుసార్లు సరిచూశాను)