ముసలివాళ్ల మనసుకు డాక్టర్ ఎవరవుతారు?

నేను హనుమకొండలో ఉంటాను, సైకియాట్రిస్టుని. ఈమధ్య ఒక హౌస్ సర్జన్‌ను అడిగాను, పీజీలో ఏ బ్రాంచ్ అనుకుంటున్నావమ్మా అని. "రేడియాలజీ సార్, రాకపోతే డెర్మా." పోనీ, వృద్ధుల సైకియాట్రీ? "వాళ్లకు ఇంక బాగయ్యేదేముంటుంది సార్?"

ఆ అమ్మాయి మీద నాకు కోపం రాలేదు. బాగైన ముసలి పేషెంట్‌ను ఆమెకు మేం ఎప్పుడు చూపించాం గనుక? ఇంటర్న్‌షిప్‌లో సైకియాట్రీకి ఉన్నదే రెండు వారాలు. అవీ ఓపీ చీటీలు రాయడంతోనే అయిపోతాయి.

కొన్నాళ్లకు ఆర్థో వార్డు నుంచి పిలుపొచ్చింది. పరకాల వైపు పెద్దాయన, డెబ్బై దాటాయి, తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో చేరిన మూడో రాత్రి సెలైన్ పీకేసి, "ఎడ్లను కట్టెయ్యాలె, పోనియ్యుండ్రి" అంటూ మంచం దిగబోయాడట. కొడుకేమో గాలి సోకిందంటాడు. వార్డులో వాళ్లు వయసు మీదపడి చాదస్తం అంటారు. ఆ అమ్మాయిని వెంట తీసుకెళ్లి, "కల్లు అలవాటుందేమో అడుగు" అన్నాను. ఉంది, ముప్పై ఏళ్లుగా రోజూ సాయంత్రం. మన దగ్గర కల్తీ కల్లులో డైజిపామ్, అల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. అది ఒక్కసారిగా ఆగితే మనిషి ఇలాగే తల్లడిల్లుతాడు. డెలీరియం అంటాం. పైగా రక్తంలో సోడియం కూడా పడిపోయింది. రెండింటికీ వైద్యం చేశాం. ఐదో రోజు ఆయన లేచి కూర్చుని, "ఏ ఊరు బిడ్డా మీది?" అని ఆమెను అడిగాడు.

బయటికొచ్చాక ఆమె అడిగింది: "ఇది ఎక్కడ నేర్పిస్తారు సార్?"

నిజం చెప్పాల్సి వచ్చింది. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ మూడేళ్లు, ఆపైన వృద్ధుల సైకియాట్రీలో డీఎం అనే సూపర్ స్పెషాలిటీ ఇంకో మూడేళ్లు. దానికి బెంగళూరు నిమ్హాన్స్, లక్నో కేజీఎంయూ లాంటి పెద్ద వైద్య సంస్థలకు పోవాలి. అన్నేళ్లు చదివి వరంగల్ వస్తే ఏ పోస్టులో కూర్చోవాలి? ఇంటి లోను నెత్తిన ఉన్న పిల్లలకు సేవ గురించి ఉపన్యాసాలు చెప్పడం అన్యాయం. ముందు పోస్టు చూపించాలి.

అవసరం లేదా అంటే, 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దేశంలో దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు, ఉందని 2023లో వచ్చిన అంచనా. మతిమరుపని తీసుకొచ్చిన ప్రతి ఒక్కరిదీ డిమెన్షియా కాదు. థైరాయిడ్ కావచ్చు, బి12 లోపం కావచ్చు, ఎవరో రాసిన నిద్రమాత్ర కావచ్చు. కొడుకు దుబాయ్‌లో, బిడ్డ అమెరికాలో ఉండి, జగిత్యాలలోనో సిరిసిల్లలోనో నాలుగు గదుల ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లికి డిప్రెషన్ కావచ్చు. డిమెన్షియానే అయినా, రాత్రిళ్లు నిద్ర పట్టేలా, అనుమానాలు తగ్గేలా చేయగలిగితే చూసుకునే కోడలికి ఊపిరి ఆడుతుంది.

ప్రతి మెడికల్ కాలేజీలో వారానికి ఒకరోజు వృద్ధుల సైకియాట్రీ ఓపీ పెట్టండి. హౌస్ సర్జన్‌కు ఒక్క ముసలి పేషెంట్‌ను అప్పగించి, చేరిన రోజు నుంచి ఇంటికి పోయేదాకా చూడనివ్వండి. డీఎం చేసి వచ్చినవాళ్లకు జిల్లాలో పోస్టు ఇవ్వండి. నా వంతుగా ఇకపై శనివారం పొద్దున అరవై దాటినవాళ్లనే చూస్తాను. పక్కన ఇంకో రెండు కుర్చీలు వేయిస్తున్నాను, హౌస్ సర్జన్లు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు.